రౌడీ, కేడీ, సంఘకంటకుడు: కొల్లేటి సీమ వాడుకను బట్టి కొన్ని చారిత్రక విశేషములు

సంఘమున కపాయకరుడని యొక మనుష్యుని నిర్దేశింపవలసి వచ్చినప్పుడు నేటి తెలుగువాని నోట మొదట వెలువడు మాట 'రౌడీ'. ఇది దేశ్యము కాదు, సంస్కృతసమము కాదు, నవాబుల కచేరీల నుండి మనకు సంక్రమించిన పారసీక పదమును కాదు. ఇంగ్లీషు మాట. అయినను ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములందును, వానికి దిగువనున్న కొల్లేటి లంకలందును అక్షరము రాని వృద్ధురాలు సైత మీ మాటను సొంత మాటవలె వాడును. అల్లరి చేయు మనుమని 'రౌడీ వెధవా' యని ముద్దుగా మందలించునదియు నామెయే. సంతలో కత్తి చూపి డబ్బు గుంజినవానిని 'రౌడీ' యని భయముతో చెప్పునదియు నామెయే. ఇంత విస్తారమగు అర్థపరిధి గల యీ పరభాషాపదము మన సీమలో నెట్లు పాతుకొనెను, దానికి ముందు ఆ స్థానమున నే మాట లుండెను, ఈ మార్పులో మన మేమి పోగొట్టుకొంటి మనునవి యీ వ్యాసమున మేము విచారింప దలచిన విషయములు.

సీమ యనగా మా యుద్దేశము ముందుగా చెప్పుట మంచిది. 1925లో కృష్ణా మండలము రెండుగా చీలి, ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమగోదావరి జిల్లా యేర్పడెను. కొల్లేరు మాత్రము చిరకాలము కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల నడుమ పంచుకొనబడి యుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన పునర్విభజనలో ఏలూరు స్వయముగా నొక జిల్లా యయ్యెను. కైకలూరు ప్రాంత మందు చేరెను. తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగా గల పశ్చిమగోదావరిలో నిలిచెను. పాలనాపరమైన యీ గీతలు మారినను, తమ్మిలేరు బుడమేరుల నీరు కొల్లేట చేరి ఉప్పుటేటి మీదుగా సముద్రమున కలియు నీ పల్లపు భూమి వాడుక విషయమున నొక్కటియే.

ఇంగ్లీషు కచేరీల కంటె ముందు మన భాషలో నిట్టివారికి పేళ్లు లేకపోలేదు. తుంటరి, దుండగీడు, ఆగడీడు, పోకిరి, బందిపోటు, గజదొంగ: ఇవి యన్నియు తారతమ్యమెరిగి వాడిన మాటలు. తుంటరి చేసిన పనికి తిట్టి విడుతురు. బందిపోటునకు ఊరంతయు కట్టెలు చేతబట్టి కావలి కాయును. పోకిరి పనిలేక తిరుగువాడు. వానివలన అపకారము కంటె చికాకెక్కువ. ఇక గ్రంథభాషలో ననేక పర్యాయములు కనబడు మాట 'లోకకంటకుడు'. కంటకమనగా ముల్లు. నడచు దారిలో గుచ్చుకొను ముల్లువంటివాడని భావము. ఈ ముల్లు మామూలు ముల్లు కాదు. దీని వెనుక నొక రాజనీతిశాస్త్రపు సంప్రదాయ మున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున నాల్గవ యధికరణమునకు 'కంటకశోధన' మని పేరు. రాజ్యమందలి ముండ్ల నేరి తీసివేయు విధానము దాని విషయము. ఆ యధికరణము దొంగలతో మొదలు కాదు. చేతిపనివాండ్రతోను, వర్తకులతోను మొదలగును. నూలు తక్కువ నేసిన సాలెవాడు, బంగారములో కల్తీ కలిపిన కంసాలి, తూనికరాళ్లు తప్పు పెట్టిన కోమటి, వెల పెంచుటకు కట్టుగట్టిన వ్యాపారులు ముందు వత్తురు. వీరిని దొంగలను పేరు లేని దొంగలనుగా భావించి దేశమును పీడింపనీయక అడ్డవలెనని గ్రంథకర్త యభిప్రాయము. అటుపిమ్మట రాజోద్యోగుల వంతు: లంచము గొన్న న్యాయాధికారి, చెఱసాలలో బందీలను బాధించిన యధికారి. వీథిలో పిడికిలి యెత్తువాడు వీరందరితోపాటు ఒకడు మాత్రమే. శాస్త్రములో చెప్పినదంతయు ఆచరణలో జరిగెనని మే మనుట లేదు. ఆ శాస్త్రము విధించిన శిక్షలలో క్రౌర్యమును తక్కువ కాదు. కాని 'కంటకుడు' అను మాట పరిధి యెంత విశాలమో గమనింపుడు. సంఘమునకు కీడు చేయు అధికారియు కంటకుడే, ధనికుడును కంటకుడే. 'రౌడీ' అను మాట కీ విశాలత లేదు. తప్పుడు తూకము వేసినవానిని రౌడీ యని యెవ్వరు నన్నట్లు వినము. వ్యాసమున ముందు రాబోవు సంగతుల కన్నిటికి నీ భేదము మూలము.

నవాబుల కాలమున కచేరీ భాష పారసీక, హిందుస్తానీ పదములతో నిండెను. వీని ప్రాచుర్యమెంతయో తెలియుటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగులోని యన్యదేశ్యములకై ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించుటయే చాలును. 'బదమాషు' ఆ కోవలోని మాట. 'బద్' అనగా చెడ్డ, 'మాష్' అనగా జీవనోపాధి. చెడ్డ బ్రతుకుతెరువు గలవాడు బదమాషు. వృత్తినిబట్టి మనుష్యుని యనుమానించు దృష్టి ఈ మాటలో ధ్వనించుచున్నది. ఇంగ్లీషు ప్రభుత్వము వారు దండవిధాన క్రమస్మృతిలో 109వ సెక్షను వ్రాసినప్పుడు, కనబడు జీవనోపాధి లేనివానిని మంచి నడతకై జామీను అడుగవచ్చునని విధించిరి. బదమాషు పదార్థమే చట్టమునకు విషయమైన ట్లుండుట ఆలోచనీయము. 'ఫితూరీ' మరియొక మాట. తిరుగుబాటునకు కంపెనీవారి కాగితములు దానినే వాడినవి.

ఈ ఫితూరీ శబ్దము మన సీమకు మిక్కిలి దగ్గరిది. నేటి ఏలూరు జిల్లాలో ఉత్తరమున నున్న మన్నెమున, కొరటూరునకు చెందిన కోరుకొండ సుబ్బారెడ్డి 1858లో కంపెనీపై తిరుగబడెను. పట్టుబడిన పిమ్మట బుట్టాయగూడెమున నాయనను ఉరితీసిరి. కళేబరము నినుప పంజరమున నుంచి రాజమహేంద్రవరమున జనులకు కనబడునట్లు వ్రేలాడగట్టిరి. ప్రభుత్వము దృష్టిలో సంఘమునకు ప్రమాదమైన వాడెవ్వడో చదువురాని వారికిని తెలియజెప్పు పద్ధతి యది. ఆ పంజరము చూపిన యర్థమును జనులు తీసికొనలేదు. నేడాయన స్వాతంత్ర్యయోధుల పట్టికలో నున్నాడు. అరువదియైదేండ్ల తరువాత అల్లూరి సీతారామరాజు విషయమున నిదియే జరిగెను. ఆయన పూర్వుల గ్రామము మోగల్లు భీమవరమునకు చేరువ; నరసాపురమున కొన్నాళ్లు చదివినవాడు. 1922 మొదలు 1924 వరకు నడచిన మన్నెపు పోరాటమునకు ప్రభుత్వము పెట్టిన పేరు రంప ఫితూరీ. 1924 మే నెలలో నాయన హతుడయ్యెను. 1986లో భారత తపాలాశాఖ యాయన పేర బిళ్ల వెలువరించినది. పైని చెప్పిన 2022 ఏప్రిల్ 4వ తేదీననే, ఏలూరు జిల్లాతోపాటు, అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడెను. ఒకే దినమున, ఒకే ప్రభుత్వ వ్యవహారములో, వెంటాడబడినవాని పేరు జిల్లా పేరైనది.

ఇవి పెద్ద పేళ్లు. చరిత్ర వీరికి న్యాయము చేసినది. మా విచారణకు ముఖ్యులైనవారు పేరు లేనివారు. రిజిస్టరులో తప్ప మరెక్కడను కనబడనివారు.

మద్రాసు రాజధానిలో క్రొత్త పోలీసు వ్యవస్థ 1859వ సంవత్సరపు చట్టముతో నేర్పడెను. అంతకుముందు గ్రామ రక్షణ తలారులది, కావలివారిది. తలారికి ఊరిలో నెవ్వ డెట్టివాడో తెలియును. తెలిసినది వాని మనస్సులో నుండును. వాడు చనిపోవుటతో నదియు పోవును. క్రొత్త పోలీసు స్టేషనులో తెలిసినది కాగితము మీదికెక్కెను. సబిన్‌స్పెక్టరు బదిలీయై పోయినను కాగితము పోదు. మనుష్యుని నడత మారినను కాగితము మారదు. మన భాషలో 'రికార్డు' అను మాటకు నీడవలె నంటిన భయ మీ మార్పు వలన కలిగినదని మా యభిప్రాయము.

ఆ కాగితముల నుండి పుట్టిన మాట 'కేడీ'. మద్రాసు పోలీసువారి పరిభాషలో, అనేక పర్యాయములు దొంగతనములకు పాల్పడినవానిగా తెలిసినవానికి నొక ఇంగ్లీషు పేరుండెను. దానికి 'తెలియవచ్చిన దోపిడీకాడు' అని యర్థము. ఆ రెండు మాటల మొదటి యక్షరములు కే, డీ. కేడీ రిజిస్టరు, కేడీల తనిఖీ అని స్టేషను వ్యవహారము. బీటు తిరుగు కానిస్టేబులు నోటినుండి ఆ రెండక్షరములు ఊరిలోనికి వచ్చి యొక నామవాచకమైనవి. కొందరీ మాటను ద్రావిడ ధాతువునుండి రాబట్ట జూతురు. అరవమున 'కేడు' అనగా నాశము కదా యని వారి వాదము. అరవమున నట్టి ధ్వనిసామ్యము పదము వ్యాప్తికి తోడ్పడి యుండవచ్చును. తెలుగున మాత్ర మీ వాదము నిలువదు. తాలవ్యాచ్చులకు ముందున్న మూలద్రావిడ కకారము తెలుగున సామాన్యముగా చకార మగును. అరవమున 'కెడు' అన్నది తెలుగున 'చెడు'. అక్కడ 'కేడు' అన్నది యిక్కడ 'చేటు'. ఈ మాట మనకు దేశ్యమే యైనచో కకారముతో మొదలగుట కవకాశము తక్కువ. కనుక కేడీ స్టేషను గోడల నడుమ పుట్టిన మాటయే. వ్యుత్పత్తి విచారములో పోలీసు రిజిస్టరు సాక్ష్యమున కెక్కుట యరుదు గనుక విద్యార్థు లీ యుదాహరణమును గుర్తుంచుకొన దగును.

'రౌడీ' కథ వేరు. ఈ మాట పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అమెరికాలో కనబడినది. అక్కడి యడవి సరిహద్దులలో, చట్టమునకు లొంగక తిరుగు మొరటు జనులకు ముందుగా వాడిరి. దాని మూలమేదో ఇంగ్లీషు నిఘంటుకారులును నిశ్చయింపలేదు. ఇంగ్లండుకు, అటనుండి హిందూదేశమునకు వచ్చి, మద్రాసు రాజధాని పోలీసుల వ్యవహారమున స్థిరపడెను. ఇంగ్లండున నేడీ మాట ప్రధానముగా విశేషణము: గోల చేయు గుంపును, అదుపు తప్పిన సభను వర్ణించును. మనకు మాత్ర మది మనుష్యజాతిలో నొక తెగకు పేరైనది. దాని మీద 'షీటు' చేరి 'రౌడీషీటు', ఆ షీటు గలవాడు 'రౌడీషీటరు'. ఇంగ్లీషు ప్రత్యయముతో నేర్పడిన యీ రూప మింగ్లండున తెలియదు; ఈ దేశపు స్టేషనులలో కల్పింపబడినది.

ఈ రెండు మాటలకు తెలుగు ప్రత్యయములు చేరు తీరు చిత్రముగా నున్నది. కేడీకి చేరునది 'గాడు'. కేడీగాడు అందురే గాని కేడీగారు అనరు. రౌడీకి 'గారు' చేరుట కలదు. 1991లో వెలువడిన యొక చలనచిత్రమునకు 'రౌడీగారి పెళ్ళాం' అని పేరు. అంతకుముందు 1989లో 'స్టేట్ రౌడీ', 1991లోనే 'రౌడీ అల్లుడు', 'అసెంబ్లీ రౌడీ' వచ్చినవి. ఈ పేళ్లలో రౌడీ నాయకుడే గాని ప్రతినాయకుడు కాడు. చాటున దొంగిలించువాని కన్న బహిరంగముగా కొట్టువానియందు జనుల కొకవిధమైన గౌరవ మెల్లప్పుడు నుండెను. రౌద్రశబ్దముతో ధ్వనిసామ్యమును తోడైనది కాబోలు. అయితే తెరమీది రౌడీకి షీటు లేదు. షీటు గలవాని కుటుంబము ఆ పేరు విని చప్పట్లు కొట్టదు.

షీటు తెరచు విధానము ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టాండింగు ఆర్డర్లలో 601వ దానియందు కలదు. శాంతిభంగమునకు సంబంధించిన నేరములు అలవాటుగా చేయువారు, చేయ ప్రయత్నించువారు, వానికి తోడ్పడువారు, కొన్ని సెక్షనుల క్రింద జామీనుకు కట్టుబడినవారు, స్త్రీలను వీథులలో వేధించువారు అందు చెప్పబడిరి. ఇందు శిక్ష పడి తీరవలె నను నియమము అన్నిటికి లేదు. అలవాటనునది యెన్ని పర్యాయములకు సిద్ధించును? న్యాయస్థానములకు నూరక పనిగల్పించిన ప్రశ్న యిది. ఒకటి రెండు కేసుల మీదనే యాంత్రికముగా షీటు తెరచుట తగదని హైదరాబాదు హైకోర్టు పలుమారులు చెప్పినది.

ఈ యార్డర్లకు వెన్నెముక క్రమస్మృతిలోని 110వ సెక్షను. 1898వ సంవత్సరపు స్మృతిలో దాని చివరి ఖండము, జామీను లేక స్వేచ్ఛగా తిరుగనిచ్చినచో సంఘమున కపాయము కలిగించునంతటి తెగువ, ప్రమాదస్వభావము గలవానిని గూర్చి చెప్పును. 1973వ సంవత్సరపు స్మృతి యా వాక్యమును దాదాపు ఉన్నది యున్నట్లుగా నుంచెను. 2023లో వెలువడి 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో సంఖ్య మాత్రము 129గా మారినది. ఇంగ్లీషు మాటకు చట్టమున నింత యాయుష్షు! దీనికి తోడు మరియొక నియమము కలదు. ఒకడట్టివాడని రుజువు చేయుటకు లోకమున వానికి గల సామాన్య ప్రసిద్ధియు సాక్ష్యముగా పనికివచ్చును. భాషాశాస్త్ర విద్యార్థు లిక్కడ నిలిచి చూడవలెను. ఊరివారు వానిని రౌడీ యందురు. అందురని యిద్దరు వచ్చి చెప్పిరి. కనుక వాడు ప్రమాదకరుడు. సాధారణముగా పదము పదార్థము ననుసరించును. ఇక్కడ పదమే పదార్థమునకు ప్రమాణము. న్యాయదర్శనమువారు చూచినచో దీని నేమందురో!

ఈ జామీను వ్యవహారమునకు 'సత్ప్రవర్తన జామీను' అను చక్కని తెలుగు మాట పుస్తకములలో నున్నను, లోకమున నిలిచినది 'బైండోవరు'. ఎన్నికలకు ముందు ఫలానా మండలమున నింతమందిని బైండోవరు చేసిరని పత్రికలలో చదువుట మన కలవాటే. మన సీమలో నెన్నికలు లేని సంవత్సరమున సైతము సంక్రాంతి కలదు. ఏలూరు, భీమవరము, తాడేపల్లిగూడెము ప్రాంతముల కోడిపందెములు దేశప్రసిద్ధములు. జూదమును 1974వ సంవత్సరపు గేమింగు చట్టమును, జంతుహింసను 1960వ సంవత్సరపు కేంద్రచట్టమును నిషేధించుచున్నవి. పండుగకు ముందు పోలీసువారు పందెములు వేయించువారిని, కోడి కాలికి కత్తులు కట్టువారిని తహసీలుదారు నెదుట బైండోవరు చేయుదురు. భోగినాడు బరులు లేచును. పెద్దమనుష్యులు కార్లలో వచ్చి కూర్చుందురు. కత్తి కట్టినవాని పేరు కాగితములో నుండును. కుర్చీలో కూర్చున్నవాని పేరు పత్రికలో, ముఖ్య అతిథిగా, నుండును. కౌటిల్యుడు వీరిలో ఎవ్వరిని కంటకు డనునో పాఠకులే యూహించుకొనవచ్చును.

వ్యక్తుల పేర షీటు లెక్కుటకు ముందు జాతుల పేర నెక్కిన కాల మొకటి కలదు. 1871లో ఉత్తరదేశమున నమలు జరిగిన నేరస్థజాతుల చట్టము 1911లో మార్పుచెంది మద్రాసు రాజధానికి వచ్చెను. ఎరుకలు మొదలగువారు దాని క్రిందికి వచ్చిరి. మద్రాసు పోలీసుశాఖకు చెందిన ముల్లాలీ 1892లో రాజధానిలోని నేరస్థవర్గములను గూర్చి పుస్తకము ప్రకటించి యుండెను. థర్‌స్టను 1909లో ప్రకటించిన కులగ్రంథమున 'దొంగ దాసరి' వంటి పేళ్లు కనబడును. 'దొంగ' అను విశేషణము కులనామమునకు ముందు చేరి సమాసమైనది. పెరట్లో నాడుకొను పసివాడును దొంగ దాసరియే, వాడింకను నేమియు దొంగిలింపక పూర్వమే.

ఎరుకలవారి విషయమున చరిత్ర మరియొక సంగతి చెప్పుచున్నది. వీరిలో నొక శాఖకు ఉప్పు ఎరుకలని పేరు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసికొని సముద్రతీరమునుండి మెట్టసీమలకు తీసికొనిపోయి యమ్ముట వీరి వృత్తి. ప్రభుత్వపు ఉప్పు విధానము, తరువాత రైలు, ఆ వృత్తిని దెబ్బతీసినవి. మన సీమలో బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా గోదావరి వైపు పోవు రైలు 1893లో నడచుట మొదలయ్యెను. పెరికయెద్దు పది దినములు నడచు దూరము బండి యొక పూటలో పోయెను. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథమున, కొరవ ఎరుకలవారి వర్తకము నశించిన తీరును, వారికి నేరస్థులను ముద్ర పడిన తీరును కలిపి చూపినది. బ్రతుకుతెరువు పోయినది, కనబడు బ్రతుకుతెరువు లేదని చట్టము పట్టినది. బదమాషు శబ్దవ్యుత్పత్తిని మరల తలచుకొనుడు.

బాపట్లకు చేరువ సాల్వేషను ఆర్మీ వారి యాధ్వర్యమున 1913 ప్రాంతమున స్థాపింపబడిన సెటిల్మెంటుకు, ప్రభుత్వమున నున్నతాధికారియైన సర్ హెరాల్డు స్టువార్టు పేర స్టువర్టుపురమని పేరు పెట్టిరి. హాజరుపట్టీ, వ్రేలిముద్రలు, ఊరు దాటుటకు చీటి అక్కడి నియమములు. మన సీమనుండి యది దూరమే. కాని యా పేరు మాత్రము రైలు పట్టాల వెంబడి ఏలూరు వరకు వచ్చి, అటుపైకిని పోయి, దొంగ యను మాటకు పర్యాయమైనది. అధికారి గౌరవార్థము పెట్టిన పేరు అపకీర్తికి పర్యాయమగుట శబ్దార్థపరిణామమున కొక వింత యుదాహరణము. మద్రాసు రాష్ట్రమున నీ చట్టము 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయ్యెను. నాటినుండి వీరు విముక్తజాతులు. కాని ఆంధ్రప్రదేశమున 1962లో అలవాటు నేరస్థుల చట్టము వచ్చెను. జాతికి పోయిన ముద్ర వ్యక్తికి వచ్చినది. వ్యక్తుల నెన్నుకొన్నవారు మాత్రము పాత రిజిస్టరులు చదివినవారే.

కొల్లేటి లంకలలోని వడ్డీల ప్రసక్తి యిక్కడ కొంత యవసరము. వీరు చేపలు పట్టి జీవించువారు; రాతిపని, మట్టిపని చేయు వడ్డెరలు వేరు. రెండు పేళ్లును ఓడ్ర శబ్దభవములని చెప్పుదురు. కొల్లేటికోటను గజపతుల కథతో ముడిపెట్టు ఐతిహ్యము దీనికి బలము. వీరికి ప్రభుత్వము పెట్టిన పేళ్లు మారిన తీరు మా ప్రకరణమునకు పనికివచ్చును. 1970ల నడిమికాలమున ప్రభుత్వమే కొల్లేట సహకార సంఘములకు చేపల చెఱువులకై భూము లిచ్చెను. అప్పుడు వారు సభ్యులు, లబ్ధిదారులు. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటన వెలువడినది. 2002లో రాంసారు ఒడంబడిక పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో ప్రభుత్వము చెఱువుల గట్లను యంత్రములతోను, ప్రేలుడు పదార్థములతోను తెగగొట్టించినది. అప్పటికి గట్ల మీద నున్నవా రందరు ఆక్రమణదారులు. సరస్సును కాపాడవలె ననుటలో మాకు సందేహము లేదు. వందల యెకరముల చెఱువులు ధనవంతుల చేత నుండిన మాటయు నిజమే. కాని ఒకే యాక్షేపవాచకము లంకలోని వలకాని మీదను, బయటినుండి వచ్చిన పెట్టుబడిదారు మీదను సమానముగా పడినప్పుడు, అది యెవ్వని నెక్కువ గాయపరచునో చెప్ప నక్కరలేదు.

1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన యొక చట్టము పేరే యొక చిన్న నిఘంటువు. దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్య నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపారులు, భూ ఆక్రమణదారులు: వీరి ప్రమాదకర కార్యకలాపములను నివారించుటకై విచారణ లేక ముందుగనే నిర్బంధింప నది యధికారమిచ్చును. హిందీనుండి వచ్చిన 'గూండా' యిందు శాసనపదమైనది. జనులు దీనిని పీడీ యాక్టు అందురు. కేడీ వలెనే పీడీయు రెండక్షరముల మాట. కౌటిల్యుని పట్టికకు దీనికి గల పోలిక చూచినచో, భూమిని మ్రింగువానిని చేర్చుట వలన నిది కంటకశోధనమునకు కొంత చేరువయైనట్లు తోచును. లంచగొండి యధికారికి మాత్ర మిందు చోటు లేదు.

పత్రికాభాష వేరొక దారి త్రొక్కినది. ఇంగ్లీషువారు సంఘవ్యతిరేక ద్రవ్యములని యర్థము వచ్చు మాటను వాడగా, మనవారు దానికి 'సంఘవిద్రోహశక్తులు' అనియు, 'అసాంఘికశక్తులు' అనియు సమాసములు కల్పించిరి. మూలమున నున్నది మిశ్రమములోని యొక భాగమను చిన్న మాట. తెలుగున నది శక్తియైనది. మందు త్రాగి దీపస్తంభము పగులగొట్టినవాడు సైతము మన పత్రికలలో శక్తియే. ఈ యనువాదము వలన వానికి కలిగిన యున్నతి యింగ్లీషున లేదు. 'ప్రజాశత్రువు' అను మాట మన పోలీసు భాషలో నెక్కలేదు. రోమునగర పెద్దలసభ క్రీస్తుశకము 68లో నీరోచక్రవర్తిని ప్రజాశత్రువుగా ప్రకటించెను; 1930లో చికాగో నగరపు నేరనిరోధక సంఘము ఆల్ కపోన్ పేరు ముందుంచి యొక పట్టిక వెలువరించెను. రోములో నా మాట చక్రవర్తికి తగిలినది. చికాగోలో సారా వర్తకునికి తగిలినది. మన రౌడీ రిజిస్టరులో నట్టి యున్నతుల పేరు వెదకుట వ్యర్థశ్రమ.

న్యాయస్థానము లీ రిజిస్టరుల విషయమున పలికినది కొంత చెప్పవలెను. ఖరక్‌సింగు కేసులో సుప్రీముకోర్టు 1962 డిసెంబరులో, రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టు తనిఖీ చెల్లదనెను; మిగిలిన నిఘాను మాత్రము నిలిపెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని తీర్పిచ్చెను. దాని వెలుగున 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున ఏకన్యాయమూర్తి, శాసనబలము లేని స్టాండింగు ఆర్డర్లను బట్టి రౌడీషీటులు తెరచుట చెల్లదని చెప్పెను. 2024 మే నెలలో ఢిల్లీకి సంబంధించిన యొక కేసున సుప్రీముకోర్టు, వెనుకబడిన సంఘములందును విముక్తజాతులందును పుట్టినవారి పేళ్లు యాంత్రికముగా హిస్టరీషీటు లెక్కకుండ చూడవలెనని చెప్పి, ఆ విషయమును రాష్ట్రము లన్నియు పరిశీలింపవలెనని తానుగా నాదేశించెను. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన చెఱసాలల నియమావళులలోని కులప్రస్తావనలను కొట్టివేసినది.

ఈ తీర్పులలో నొకదానిలోను రౌడీ యను మాట యుచితానౌచిత్యముల ప్రస్తావన లేదు. అది న్యాయమూర్తుల పనియును కాదు. ఆ పని మనది. పదవ్యవహారకోశములకై యీ సీమలో మాటలు సేకరించు పరిశోధక విద్యార్థులు నాగలి, వల, మగ్గము మొదలగు వృత్తుల పదముల నెంతయో శ్రద్ధతో సేకరించుచున్నారు. స్టేషను గుమ్మమున, తహసీలుదారు కచేరీ యరుగుమీద, కోర్టు చెట్టు నీడన వాడబడు మాటలను గూడ నట్లే సేకరింప దగును. షీటు 'తెరచుట', పేరు 'ఎక్కుట', పేరు 'కొట్టివేయించుట', బైండోవరు 'పడుట' వంటి క్రియాపదబంధములు ఏ నిఘంటువునకు నింకను పూర్తిగా నెక్కలేదు. షీటు తెరచుటకు సకర్మక క్రియ, చేయువా డధికారి. పేరెక్కుటకు అకర్మక క్రియ. ఎక్కించినవా డెవ్వడో వాక్యమున కనబడడు. షీటు గలవాని యింటివా రెల్లప్పుడు వాడునది యీ రెండవదియే.